చంద్రుడి కక్ష్యలో నివాస మాడ్యూల్: ముందు తాళం వేసిన ఇల్లు కట్టండి

మాడ్యూల్, అంటే అంతరిక్ష స్టేషన్‌లో ఒక గదిలాంటి భాగం, అనగానే చాలామంది పడకలు ఎక్కడ, కిటికీ ఎక్కడ అని గీతలు మొదలుపెడతారు. అవి ఆఖర్న చూసుకోవచ్చు. చంద్రుడి చుట్టూ తిరిగే చిన్న స్టేషన్ కోసం నాసా వేసిన గేట్‌వే ప్లానే తీసుకోండి, అందులో మనుషులు ఉండాలనుకున్నది ఏడాదిలో కొన్ని వారాలే, మిగతా కాలమంతా అది తాళం వేసిన ఇల్లే. ఏదైనా కారితే తుడిచేవాళ్ళు ఉండరు, భూమి నుంచి బయల్దేరినా చేరేసరికి రోజులు పడుతుంది. అందుకే ఏ నిర్ణయం తీసుకున్నా, లోపల ఎవరూ లేనప్పుడు ఇది చెడిపోతే ఏం జరుగుతుందో ముందు అడగండి.

సైజు మన ఇష్టం కాదు, రాకెట్ ముక్కులో ఎంత పడితే అంతే. ఫాల్కన్ హెవీ రాకెట్ ఫెయిరింగ్ (సరుకుని కప్పి ఉంచే ముక్కు తొడుగు) లోపల దొరికేది 4.6 మీటర్ల వ్యాసం, బయట తగిలించే రేడియేటర్లు, యాంటెన్నాలు కూడా అందులోనే ఇమడాలి. గేట్‌వేలో మనుషులు ఉండే హాలో మాడ్యూల్‌ని సరుకులు మోసే సిగ్నస్ నౌక నమూనా మీద చేశారు, దాని డొల్లని, అంటే గాలిని లోపల ఆపే గోడల్ని, ఇటలీలోని ట్యూరిన్‌లో తయారుచేసి 2025లో అరిజోనాకి పంపారు. ఇప్పటికే ఎగిరిన డిజైన్ దొరికితే మొహమాటపడకుండా వాడేసుకోండి.

డొల్లకి 2219 రకం అల్యూమినియం బాగుంటుంది. అతుకులకి ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగ్ చేయించండి, ఇందులో లోహం కరగదు, గిర్రున తిరిగే పిన్ను రెండు అంచుల్నీ మెత్తబరిచి కలిపేస్తుంది. లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది: 3 మీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం, లోపల మన వాతావరణమంత పీడనం ఉంటే గోడ మీద పడే ఒత్తిడి సుమారు 50 మెగాపాస్కల్స్, ఆ లోహానికి అదో లెక్కే కాదు. అసలు టెన్షన్ కన్నాల దగ్గర. ఒక మీటరు వెడల్పున్న గుండ్రటి హ్యాచ్ (గాలి పోకుండా మూసే తలుపు) మీద దాదాపు 8 టన్నుల తోపు ఉంటుంది, దాని సీలు గాడిలో ఒక్క తల వెంట్రుక పడుకున్నా గాలికి దారి దొరికినట్టే. బిగించే ముందు టార్చి పక్కవాటుగా వేసి గాడి చుట్టూ చూడండి, నిటారుగా వేస్తే వెంట్రుక కనబడదు.

తర్వాత హీలియం నింపి లీక్ టెస్ట్ చేయండి, అతుకు అతుకూ విడిగా. ఈ పని నేల మీదే తేలిపోవాలి. 2020లో అంతర్జాతీయ స్టేషన్ జ్వెజ్దా మాడ్యూల్‌లో లీకు ఎక్కడుందో తేల్చడానికి వ్యోమగాములు టీ ఆకులు గాలిలో వదిలి, అవి ఎటు కొట్టుకుపోతున్నాయో చూశారు. మీ ఖాళీ ఇంట్లో ఆ టీ ఆకులు వదిలేదెవరు?

బయట విపుల్ షీల్డ్ ఉండాల్సిందే. పల్చటి రేకు, కాస్త ఖాళీ, తర్వాత అసలు గోడ. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చే ఉల్కా రేణువు రేకుని తాకి పొడైపోతుంది, ఆ పొడి ఖాళీలో విస్తరించి గోడని తాకేసరికి పస తగ్గుతుంది. చోటు చాలట్లేదని ఆ ఖాళీని మింగేయకండి, పనిచేసేదే అది.

రేడియేషన్‌కి అల్యూమినియం ఒక్కటే సరిపోదు, హైడ్రోజన్ ఎక్కువున్న నీళ్ళు, పాలిథిన్ మేలు. నీళ్ళ సంచులు, ఆహారం ఒక మూల చుట్టూ పేర్చి సౌర తుపాను వచ్చినప్పుడు దూరేందుకు గూడు చేయండి. 1972 ఆగస్టులో పెద్ద సౌర తుపాను వచ్చింది, అపోలో 16 ఏప్రిల్లో వెళ్ళొచ్చేసింది, 17 డిసెంబరులో వెళ్ళింది, అదృష్టం కొద్దీ మధ్యలో పడింది. మనం అదృష్టం మీద కట్టలేం.

ఇక అందరూ మర్చిపోయేది తేమ. భారం లేనిచోట వేడి గాలి పైకి లేవదు, ఫ్యాను కదపకపోతే ఎక్కడి గాలి అక్కడే. చల్లటి గోడకి నీరు పడుతుంది, దాని మీద బూజు. రష్యా పాత స్టేషన్ మీర్‌లో ప్యానెళ్ళ వెనక సూక్ష్మజీవులతో నిండిన నీటి ముద్దలే బయటపడ్డాయి. కాబట్టి మనుషులు మాడ్యూల్ వదిలి వెళ్ళేముందు గాలిలో తేమ తగ్గించే పద్ధతి, గోడ హీటర్లు, నేల నుంచి నడిపే ఫ్యాన్లు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి.

చివరగా లోపలి అమరిక. ప్రతి ర్యాకూ తలుపులా మడత మీద తెరుచుకోవాలి, ఎందుకంటే చిల్లు పడితే పూడ్చాల్సింది దాని వెనకున్న గోడనే. చెక్కతో అదే కొలతల నమూనా చేసి, మందపాటి గ్లవ్ వేసుకుని చెయ్యి పెట్టి చూడండి. పట్టలేదా, ఆ ర్యాకు మళ్ళీ గీయండి.