ఎండలు ముదరకముందే డాల్ ఫేస్ పర్షియన్ పిల్లి విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఎండతో ఇబ్బందంతా మొహం చదునుగా ఉండే పంచ్ ఫేస్ పర్షియన్‌కే, మాది డాల్ ఫేస్ కదా ముక్కు బానే ఉంది ఏం కాదులే అనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. అది సగమే నిజం. డాల్ ఫేస్ అంటే పాతకాలం పర్షియన్, 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో క్యాట్ షో పెట్టిన రోజుల్లో పర్షియన్ల మొహాలు ఇలాగే ఉండేవి, ముక్కు లోపలికి నొక్కేసినట్టుండే మొహం 1950ల తర్వాత బ్రీడింగ్‌లో వచ్చి పడింది. ముక్కు కాస్త పొడుగు కాబట్టి దీనికి ఊపిరి తేలిగ్గా ఆడుతుంది, ఒప్పుకుంటా, కానీ ఒంటి మీద ఆ ఒత్తు బొచ్చు అదే, చెమట పట్టేది అరికాళ్ళ మెత్తల్లోనే, పైగా నెమ్మదైన జాతి, వేడెక్కినా గోల చేయదు, గచ్చు మీద బోర్లా పడుకుని ఉండిపోతుంది, మనమేమో హాయిగా నిద్రపోతోంది అనుకుంటాం.

ఎండాకాలం అనగానే అందరికీ గుర్తొచ్చేది గుండు. నా మటుకు నేను వద్దనే చెప్తా. చర్మం దాకా గీసేస్తే ఎండ నేరుగా తగులుతుంది, తెల్ల పిల్లులకైతే చెవి కొనలు, ముక్కు ముందే కమిలిపోయే రకం. కావాల్సింది గుండు కాదు, లోపలి ఊలు బొచ్చు బయటికి రావడం. స్టీల్ దువ్వెన తీసుకుని రోజూ దువ్వండి, వీపు మీద నాలుగుసార్లు లాగేసి అయిపోయిందనుకోవద్దు, అక్కడ చిక్కు పడేదే తక్కువ. చెవుల వెనక, చంకల్లో, పొట్ట కింద, తోక మొదట్లో వేళ్ళు పెట్టి చూడండి, బఠాణీ గింజంత ఉండ తగిలితే మొదలు దగ్గర చర్మాన్ని వేళ్ళతో పట్టుకుని కొసల నుంచి కొంచెం కొంచెంగా విడదీయాలి. కత్తెర అసలు పెట్టొద్దు, పిల్లి చర్మం పల్చగా సాగుతూ ఉంటుంది, ఉండతో పాటు అదీ తెగుతుంది. మరీ అట్టకట్టేస్తే వెట్ (పశువుల డాక్టర్) దగ్గర ట్రిమ్మర్‌తో తీయించడమే. వెనక భాగంలో మలం అంటుకుని ఉందేమో రోజూ చూడండి, ఈ సీజన్లో ఈగలు వాలి గుడ్లు పెట్టాయంటే పురుగులు పడతాయి.

తర్వాత నీళ్ళు. పర్షియన్ వంశాల్లో కిడ్నీల్లో నీటితిత్తులు వచ్చే పీకేడీ అనే జబ్బు ఎక్కువ, తల్లిదండ్రుల్లో ఒక్కదానికున్నా పిల్లలకి రావచ్చు, అది డాల్ ఫేసా పంచ్ ఫేసా అని చూడదు. దీనికి డీఎన్ఏ టెస్ట్ ఉంది, స్కాన్‌లో కూడా తెలుస్తుంది, చేయించకపోయుంటే ఎండలకి ముందే చేయించండి, ఎందుకంటే కిడ్నీ వీక్‌గా ఉన్న పిల్లికి ఒంట్లో నీరు తగ్గితే చాలా ప్రమాదం. నీళ్ళ గిన్నె వెడల్పుగా ఉండాలి, లిట్టర్ బాక్స్‌కి దూరంగా రెండు మూడు చోట్ల పెట్టాలి, డ్రై ఫుడ్ తగ్గించి తడిగా ఉండే వెట్ ఫుడ్ పెంచితే ఇంకా మంచిది.

వడదెబ్బ గుర్తులు ముందే తెలుసుకుని ఉండండి. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే, పిల్లి రొప్పితే మాత్రం మామూలు కాదు. చొంగ, తూలడం, వాంతి, చిగుళ్ళు బాగా ఎర్రబడటం చూస్తే లేట్ చేయొద్దు. పిల్లి టెంపరేచర్ మామూలుగా 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ చుట్టూ ఉంటుంది, 40 దాటితే ఎమర్జెన్సీ. నీడలోకి తెచ్చి చల్లని నీళ్ళతో బొచ్చు చర్మం దాకా తడిపి ఫ్యాన్ కింద పెట్టండి, ఐస్ వద్దు, తడి టవల్ చుట్టి అలాగే వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. కాస్త తేరుకున్నట్టు కనిపించినా వెట్ దగ్గరికి తీసుకెళ్ళాల్సిందే, లోపల తగిలిన దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

ఇంకోటి, పిడుదులు కూడా ఈ టైంలోనే మొదలవుతాయి. ఇంట్లో కుక్క కోసం తెచ్చిన మందుంటే అదే రెండు చుక్కలు పిల్లికీ వేసేస్తుంటారు, దాంట్లో పర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే పిల్లికి ఫిట్స్ వస్తాయి, ప్రాణం కూడా పోతుంది. డబ్బా మీద పిల్లులకని రాసి ఉన్నదే వాడండి, కుక్కకి వేసిన రోజు మందు పూర్తిగా ఆరేదాకా రెండింటినీ ఒకచోట పడుకోనివ్వద్దు.