మొదటి హెచ్చరికకే సామాన్లు పైకెక్కించండి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. చాలామంది మూడోదాకా చూద్దాంలే అనుకుంటారు. దయచేసి ఆగకండి. 2022 జులైలో నీరు 71 అడుగులు దాటింది. అంత నీరొచ్చాక సామాన్లు కాదు, మనుషులు బయటపడటమే కష్టం. 43 అనగానే బియ్యం బస్తాలు, మిక్సీ, పిల్లల పుస్తకాలు అటకెక్కించేయండి. ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి చేతిసంచిలో ఉంచుకోండి.

అందరూ మర్చిపోయేది బాత్రూమ్. ఒక్కోసారి నీళ్లు గుమ్మం దాటకముందే లెట్రిన్ బేసిన్‌లోంచి ఎగదన్నుకొస్తాయి. మందపాటి ప్లాస్టిక్ సంచిలో ఇసుక నింపి, మూతి గట్టిగా కట్టి, బేసిన్ గుంతలో కదలకుండా కూర్చోబెట్టండి. తూము మీద కూడా ఇంకోటి పెట్టండి. గ్యాస్ సిలిండర్‌కి రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, కిటికీ ఊచకు తాడుతో కట్టండి. లేకపోతే తేలిపోతుంది. ఇల్లు వదిలేటప్పుడు కరెంటు మెయిన్ ఆపండి. గొడ్లను మాత్రం కట్టేసి వెళ్లొద్దు, పలుపులు విప్పేయండి.

తిరిగొచ్చాక కర్రతో తట్టుకుంటూ లోపలికి వెళ్లండి. మంచం కిందా, బీరువా వెనకా పాములు చేరతాయి.