పిన్‌కోడ్ లోపల ఏముందో చూడటం ఎలా?

చెన్నైలో ఉండే మన తెలుగువాళ్ల పిల్లలకు సెలవుల్లో లెక్కల మీద ఆసక్తి పుట్టించాలంటే వాళ్ల పిన్‌కోడే చేతికివ్వండి. ఉదాహరణకి ట్రిప్లికేన్ తీసుకుందాం: 600005. శ్రీనివాస రామానుజన్ కొంతకాలం ఉన్న పేట అది.

మొదట ప్రధాన కారణాంకాలు రాబట్టాలి. అసలు పనంతా ఇదే. చివర 5 ఉంది కాబట్టి 5తో భాగించండి, 1,20,001 వస్తుంది. అంకెల మొత్తం 4, కాబట్టి 3తో పోదు. 7తో భాగిస్తే 17,143. వెంటనే 11కి వెళ్లిపోకుండా ఇంకోసారి 7తోనే చూడండి. పోతుంది, 2,449 మిగులుతుంది.

మరి ఎంతవరకు వెళ్లాలి? మిగిలిన సంఖ్య వర్గమూలం దాకా చాలు. మొదట్లో ఆ హద్దు 774. ఇప్పుడు 49కి దిగింది. 7 ఇక పోదు, 11 నుంచి 29 దాకా ఏ ప్రధాన సంఖ్యా పోదు. 31తో పోయి 79 వస్తుంది, అది ప్రధాన సంఖ్యే.

600005 = 5 × 7 × 7 × 31 × 79

ఇక మిగతావి చకచకా తేలిపోతాయి. భాజకాలు, అంటే శేషం లేకుండా దాన్ని భాగించే సంఖ్యలు, ఎన్నో కావాలా? ఒక్కో ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి ఒకటి కలిపి, అన్నీ గుణించండి: 2 × 3 × 2 × 2 = 24. 7కి మూడు ఎందుకంటే, భాజకంలో అది అసలు లేకపోవచ్చు, ఒకసారి ఉండొచ్చు, రెండుసార్లు ఉండొచ్చు. భాజకాల మొత్తం కావాలంటే (1+5) × (1+7+49) × (1+31) × (1+79) = 8,75,520. అందులోంచి 6,00,005 తీసేస్తే 2,75,515. సరిగ్గా మళ్లీ 6,00,005 మిగిలితే 6, 28 లాగా పరిపూర్ణ సంఖ్య అనేవాళ్లం. ఇది చాలా దూరంలో ఆగిపోయింది.

24 భాజకాలంటే ఎక్కువే అనిపిస్తుంది గానీ, ఇంతకంటే చిన్నదైన 5,54,400కి 216 ఉన్నాయి! 2, 3, 5, 7, 11 లాంటి చిన్న ప్రధాన సంఖ్యలతోనే కట్టిన సంఖ్య కావడమే కారణం. ఇలా తమకంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్యల మీదే రామానుజన్ 1915లో పెద్ద వ్యాసం ప్రచురించాడు.

టి.నగర్ వాళ్లకు మాత్రం కొంచెం కష్టమే. 600017లో అంకెలను కుడి నుంచి ఒకటి కలుపుతూ ఒకటి తీసేస్తూ పోతే 7−1+0−0+0−6 = 0. సున్నా వచ్చింది కాబట్టి 11తో పోతుంది, 54,547 మిగులుతుంది. అక్కడినుంచి 233 దాకా ప్రతి ప్రధాన సంఖ్యనూ ప్రయత్నించాలి, ఏదీ పోదు. అంటే 54,547 ప్రధాన సంఖ్య, మొత్తం భాజకాలు నాలుగే. ఇంతా చేతితో చేయాలంటే నెల్లూరు రైల్లో గూడూరు దాకా కాలక్షేపం. ఓపిక లేకపోతే ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి, దశాంశ బిందువు తర్వాత ఏమైనా మిగిలిందా అని చూసుకుంటూ పోవచ్చు.