ఫిట్స్ ఉన్న నర్సు ఉద్యోగంలో చేరేటప్పుడు ఎప్పుడు, ఎలా చెప్పాలి

మాది కావలి దగ్గర పల్లెటూరు. ఇంటర్ రెండో ఏట నాకు ఫిట్స్ మొదలయ్యాయి. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) అయ్యాక నెల్లూరులో మొదటి ఉద్యోగానికి బయలుదేరుతుంటే అమ్మ, "ఎవరికీ చెప్పబాకమ్మా, రేపు సంబంధాలు చూడాల" అంది. మూర్ఛ పెళ్ళికి అడ్డన్న మాటను హిందూ వివాహ చట్టంలోంచి 1999లోనే తీసేశారు గానీ, ఊళ్ళో భయం పోలేదు. మెడికల్ ఫారంలో 'దీర్ఘకాలిక జబ్బులు' అన్న చోట 'లేవు' అని రాశాను. వరసగా నాలుగో నైట్, తెల్లవారుజామున మందుల ట్రాలీ పక్కన పడిపోయాను. తెలివి వచ్చేసరికి నా పిడికిట్లో ఎవరో పెట్టిన తాళాల గుత్తి ఉంది. ఉద్యోగం తీసేసేటప్పుడు ఆ ఫారమే తెచ్చి నా ముందు పెట్టారు.

అందుకే చెబుతున్నాను. రెజ్యూమేలో జబ్బు సంగతి రాయకండి. ఇంటర్వ్యూలో మీ అంతట మీరు ఎత్తక్కర్లేదు, అడిగితే మాత్రం దాచొద్దు. సెలెక్ట్ అయ్యారని చెప్పి మెడికల్ ఫారం చేతికిచ్చినప్పుడు, డ్యూటీలో చేరకముందే చెప్పేయాలి.

ముందుగా మీ న్యూరాలజిస్ట్ దగ్గర లెటర్ తీసుకోండి. ఆఖరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఏ మందు, ఎంత డోసు, నర్సు పని చేయగలరా, దేనికి జాగ్రత్త పడాలి, ఇవన్నీ అందులో ఉండాలి. నా లెటర్‌లో 'పద్నాలుగు నెలలుగా ఫిట్స్ లేవు, లెవెటిరాసెటామ్ 500 మిల్లీగ్రాములు రెండు పూటలా, వరసగా రెండుకి మించి నైట్ డ్యూటీలు వద్దు' అని ఉంది. నిద్ర చాలకపోతే ఫిట్స్ తిరగబెడతాయి కాబట్టి ఆ ఆఖరి మాట అడిగి మరీ రాయించుకున్నాను.

తర్వాత చేరిన ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్ గారితో క్లుప్తంగా చెప్పాను: "మేడమ్, నాకు ఫిట్స్ ఉన్నాయి, మందులతో కంట్రోల్‌లో ఉన్నాయి. నైట్స్ వరసగా రెండుకి మించకుండా వేస్తే చాలు." టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆవిడ లెటర్ రెండుసార్లు చదివి, "ఓపీలో వేస్తాలే అమ్మా" అన్నారు. లెటర్ జిరాక్స్ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకున్నాను. మీరూ అది మరవకండి. అంతకుముందు ఇంకోచోట "ఫోన్ చేస్తాం" అన్నారు, చేయలేదు. చాలా ఏడ్చాను. అయినా మళ్ళీ దాచాలనిపించలేదు.

 

చేరిన మొదటి రోజే మీతో డ్యూటీ చేసే ఇద్దరు సిస్టర్లకు, ఆయమ్మకు చెప్పి ఉంచండి: పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, అదిమి పట్టుకోకూడదు, తాళాలు అక్కర్లేదు, టైమ్ చూడాలి, 5 నిమిషాలు దాటితే క్యాజువాలిటీకి తీసుకెళ్ళాలి. నా రాత్రి మాత్ర టైమ్ 8 గంటలు. నైట్ పడిన రోజు సరిగ్గా అప్పుడే హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత). అందుకని ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కి ముందే చెప్పి, 8కి పది నిమిషాలుండగా వేసుకుని కేస్ షీట్లు పట్టుకుంటాను.