పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కడం లేదా? ఎక్కడ ఆగిందో ముందు చూడండి

గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో రూములు తీసుకుని చదువుకునే పిల్లలు ల్యాప్‌టాప్ తెచ్చి "అన్నా, ఎస్‌ఎస్‌డీ పోయినట్టుంది" అంటుంటారు. ఫైళ్లన్నీ ఉండే ఆ డిస్క్‌కు చాలాసార్లు ఏమీ అయి ఉండదు. కొత్తది కొనే ముందు విండోస్ ఎక్కించే పని ఎక్కడ ఆగిందో చూడండి.

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ లేదు

విండోస్ సెటప్ అంతా ఉండే ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేసి ఉంటారు. అలా చేస్తే బూట్ అవదు, అంటే ల్యాప్‌టాప్ దాని నుంచి మొదలవదు. రూఫస్ అనే ప్రోగ్రాంతో రాయాలి. 8 జీబీ డ్రైవ్ చాలు, కానీ అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌కైతే రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ (డిస్క్‌ను భాగాలు చేసే పద్ధతి) జీపీటీ పెట్టండి. దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూ కోసం, ఆన్ చేయగానే డెల్‌లో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి.

సగంలో ఫైళ్లు దొరకడం లేదని ఎర్రర్

డౌన్‌లోడ్ పాడై ఉండొచ్చు. విండోస్‌లోని సర్ట్‌యుటిల్ కమాండ్‌తో ఐఎస్‌ఓ ఫైలు ఎస్‌హెచ్‌ఏ256 విలువ (ఫైలుకు వేలిముద్రలాంటిది) తీసి, డౌన్‌లోడ్ చేసిన సైట్‌లో ఇచ్చినదాంతో పోల్చండి. తేడా ఉంటే మళ్లీ డౌన్‌లోడ్ చేయండి. సరిపోతే పెన్‌డ్రైవ్ మార్చి మళ్లీ రాయండి.

డిస్క్ జీపీటీ అంటూ ఇన్‌స్టాల్ కానివ్వడం లేదు

పెన్‌డ్రైవ్ లెగసీ (పాత పద్ధతి) మోడ్‌లో బూట్ అయింది. బూట్ మెనూలో అదే డ్రైవ్ పేరు ముందు యూఈఎఫ్‌ఐ (కొత్త పద్ధతి) అని ఉన్నది ఎంచుకోండి. డిస్క్ చెరపక్కర్లేదు.

డిస్కుల లిస్టు ఖాళీగా ఉంది

పిల్లలకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. ముందు బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు కనిపిస్తోందంటే అది బతికే ఉంది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కులను నడిపే వీఎండీ అనే సెట్టింగు ఆన్‌లో ఉంటుంది. దాని డ్రైవర్ లేకపోతే విండోస్ సెటప్‌కు డిస్క్ కనపడదు. మీ మోడల్ పేరుతో ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ అనే ఆ డ్రైవర్‌ను వెతకండి. వచ్చిన ఈఎక్స్‌ఈని అలాగే పెడితే పనిచేయదు. దాన్ని విప్పి (ఎక్స్‌ట్రాక్ట్ చేసి), ఐఎన్‌ఎఫ్ ఫైలున్న ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లో వేసి, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' నొక్కి చూపించండి. బయోస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా డిస్క్ కనిపిస్తుంది, కానీ ఇప్పటికే ఉన్న విండోస్ బూట్ కాకపోవచ్చు. అందుకే నేను డ్రైవర్ దారే చెబుతాను.

డిస్క్ కనిపించింది కదా అని తొందరపడి పార్టిషన్లు డిలీట్ చేయకండి. ఒక్కోదాని సైజు చూడండి. డీ డ్రైవ్‌లో ప్రాజెక్టు ఉంటే దాన్ని ముట్టుకోకండి.

రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటి పేజీయే వస్తోంది

ల్యాప్‌టాప్ మళ్లీ పెన్‌డ్రైవ్ నుంచే బూట్ అవుతోంది. ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేయండి. మిగతా పని ఎస్‌ఎస్‌డీ నుంచే సాగుతుంది.