మేధో వైకల్యం ఉన్నవారికి రాత్రి నిద్ర పట్టనప్పుడు ఏం చేయాలి?

"ఇలాంటి పిల్లలు ఇంతేనమ్మా, అలవాటు పడాలి" అన్న మాట హైదరాబాద్‌లో చాలామంది తల్లులు బంధువుల నోట విన్నదే. మేధో వైకల్యం ఉన్నవారిలో నిద్ర సమస్యలు ఎక్కువన్నది నిజమే గాని, చాలా సందర్భాల్లో వాటికి విడిగా ఒక కారణం ఉంటుంది. దానిని నోటితో చెప్పలేనివారి విషయంలో ఇంట్లోవారే వెతికి పట్టుకోవాలి.

1. ముందు ఏదీ మార్చకుండా 2 వారాల పాటు రాయండి. పడుకున్న వేళ, లేచిన వేళ, పగటి కునుకు, సాయంత్రం టీ, మాత్రలు ఇచ్చిన సమయం ఒక పాత డైరీలో ఉంటే చాలు. "1:40కి లేచాడు, కుడి చెంప పట్టుకున్నాడు, పొద్దున ఎడమవైపే నమిలాడు" అని 3 రాత్రులు వరుసగా కనిపిస్తే, వెళ్లవలసింది పంటి డాక్టరు దగ్గరికే.

2. శరీర బాధలను పరీక్ష చేయించండి. మలబద్ధకం, ఛాతీలో మంట, చెవిపోటు, దురద మనిషిని రాత్రంతా కూర్చోబెడతాయి. పుట్టుకతో వచ్చే జన్యు స్థితి అయిన డౌన్ సిండ్రోమ్ ఉన్నవారిలో నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా సాధారణం కనుక, గురక పెడుతూ మధ్యలో ఉక్కిరిబిక్కిరై లేస్తుంటే ఫోన్‌లో 2 నిమిషాల వీడియో తీసి చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. నిద్రలో కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, నాలుక కరుచుకోవడం ఫిట్స్ కావచ్చు. నిద్ర తగ్గితే ఫిట్స్ పెరిగే ప్రమాదం కూడా ఉన్నందున న్యూరాలజిస్టును కలవడంలో ఆలస్యం తగదు.

3. పడుకునే ముందు గంటను రోజూ ఒకే వరుసలో నడపండి. స్నానం, పెరుగన్నం, పళ్లు తోమడం, దుప్పటి: వీటికి వారి సొంత బకెట్టు, సొంత మంచం ఫొటోలనే తీసి గోడకు అంటించి, ఒక్కొక్క పని అయ్యాక ఆ ఫొటోను వారి చేతనే తిప్పించండి. ఏ దుప్పటి, ఎంత వెలుతురు అన్నది వారినే అడగాలి. 30 ఏళ్ల మనిషిని మన సౌకర్యం కోసం 8 గంటలకే పడుకోబెట్టి, 3 గంటలకు మేలుకున్నాడని విసుక్కోవడం న్యాయం కాదు.

వీధిలో బరాత్ ఉందనో, వినాయక మండపంలో మైకు ఉందనో తెలిస్తే సాయంత్రమే చెప్పి ఉంచండి. ఎండాకాలంలో కూలర్ హోరు కొందరికి జోలపాట, మరికొందరికి నరకం. మీవారికి ఏదన్నది డైరీయే చెబుతుంది.

4. మధ్యలో లేస్తే పెద్ద లైటు వేయకుండా, ఫోన్ ఇవ్వకుండా, రెండు మాటలతో తిరిగి పడుకోబెట్టండి. పక్కన మనిషి లేనిదే పడుకోని వారి దగ్గర మీ చాపను కొన్ని రాత్రులకొకసారి కాస్త దూరం జరుపుతూ గుమ్మం దాకా తీసుకెళ్లండి. మొదట్లో గొడవ పెరగవచ్చు.

5. నిద్ర కోసం వాడే మెలటోనిన్ అనే మందు అయినా వైద్యుడి సలహాతోనే ఇవ్వండి. మత్తు కోసం జలుబు సిరప్ పట్టించవద్దు, ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపవద్దు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ, నేటి ఎన్ఐఈపీఐడీకి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా ఆ డైరీని వెంట తీసుకెళ్లండి. రాత్రుళ్లు మేలుకొని మీరే కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే రాత్రి కాపలాను ఈ రోజు నుంచే వంతులు వేసుకోండి.