ఆకులు కత్తిరించే తేనెటీగ: గుర్తుపట్టలేకపోయినా, ఫొటో రాకపోయినా

సమస్య: గులాబీ ఆకు అంచున చొక్కా గుండీ అంత ముక్క గుండ్రంగా మాయమైపోయింది, పక్కింటివాళ్ళు మందు కొట్టమంటున్నారు.

కారణం: గొంగళిపురుగు కొరికితే అంచు చిందరవందరగా ఉంటుందండి, కింద రెట్ట కూడా కనపడుద్ది. కత్తెర పెట్టినట్టు నున్నగా ఉంటే అది లీఫ్‌కట్టర్ బీ పనే, తినడానికి కాదు, ఆ ముక్కని వెదురు బొంగులోకో గోడ కన్నంలోకో పట్టుకెళ్ళి చుట్టి గది కట్టి, పుప్పొడి తేనె ముద్ద పెట్టి ఒక్క గుడ్డు పెడుతుంది, కోల ముక్కలు గోడలకి, గుండ్రటివి మూతకి.

ఏం చెయ్యాలి: ఏం చెయ్యొద్దు. కడియం నర్సరీలో అమ్మకానికి పెట్టిన మొక్కయితే వాళ్ళకి చిరాకే గానీ మన పెరట్లో మొక్క దీనికి చచ్చిపోదు.

సమస్య: మామూలు తేనెటీగలాగే ఉంది కదా?

మీరు కాళ్ళు చూస్తున్నారు, పొట్ట కింద చూడండి. తేనెటీగ పుప్పొడిని వెనక కాళ్ళకి ముద్దలా పెట్టుకుంటుంది, ఇది పొట్ట కింద బ్రష్షులాంటి వెంట్రుకలకి పూసుకుంటుంది, పువ్వు మీద వాలినప్పుడు తోక కాస్త పైకెత్తి ఉంటే పసుపు కనపడుద్ది. మగదానికి ఆ బ్రష్షు ఉండదు. ఇంకోటి, తోక మొనదేలి, బ్రష్షు లేకుండా గూళ్ళ చుట్టూ తచ్చాడేది కనపడితే అది సీలియాక్సిస్ కావచ్చు, వీటి గూట్లోనే దొంగతనంగా గుడ్డు పెట్టే రకం. నేను చాన్నాళ్ళు దాన్నే లీఫ్‌కట్టర్ అనుకుని మురిసిపోయా!

సమస్య: ఫొటోలన్నీ మసక.

దాని వెనకాల పరిగెడితే అంతే. కన్నం దొరికిందా, పక్కన కూర్చోండి, ఆకు ముక్క పట్టుకుని మళ్ళీ మళ్ళీ అక్కడికే వస్తుంది. ఫోకస్ కన్నం మీద ముందే పెట్టేసి, షట్టర్ 1/1000 సెకను కన్నా వేగంగా, అపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే కంత) ఎఫ్/8 దగ్గర, వరసగా కొట్టండి, మీ నీడ మాత్రం దాని మీద పడనివ్వకండి. గూడు దొరక్కపోతే జనుము పూసిన చేను చూసుకోండి, ఆ పువ్వు తెరిచే బలం వీటికీ నల్ల తుమ్మెదలకీ ఉంది.

లెన్స్ మీదే ఆవిరి పట్టేస్తోందా? ఏసీ గదిలోంచి తిన్నగా కోనసీమ ఉక్కలోకి తెస్తే పట్టకేం చేస్తది, ఓ అరగంట బ్యాగులోంచి తియ్యకుండా బయట ఉంచండి.

సమస్య: ఫొటో చూపించినా ఎవరూ పేరు చెప్పట్లేదు.

ఫొటో బట్టి మెగాకైలీ అని ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) దాకా చెప్పొచ్చు, జాతి తేల్చాలంటే చాలాసార్లు మైక్రోస్కోప్ కింద దవడల పళ్ళు చూడాల్సిందే. అందుకే పైనుంచి ఒక్కటి తీసి ఊరుకోకుండా మొహం, పొట్ట పక్కవాటం, కత్తిరించిన ఆకు, మూడూ తియ్యండి, ఏ మొక్క ఆకో కూడా రాసి పెట్టుకోండి.